సుక్రు సాలు

హైదరాబాద్ ల్యాబ్‌లో మేం వాతావరణ లెక్కల కోసం ఒక మిషన్ తయారు చేస్తున్నాం. అరవై నాలుగు ప్రాసెసర్లు, ఒక్కోదానికి ఒక్కో ముక్క ఆకాశం. ఎవరి ముక్క వాళ్లు లెక్కగడతారు, అందరివీ అయ్యాకే తర్వాతి అడుగు. ఈ ఆగడం నేను పెట్టిందే. మా పెదబయలు కొండల్లో సామ కోసేదీ ఇలాగే. ఎవరి సాలు వాళ్లు కోసి గట్టు మీద నిలబడతారు. చివరి మనిషి వచ్చాకే పై చేలోకి వెళ్తారు.

పరీక్షలో ఒక ప్రాసెసర్ చచ్చిపోయింది. మిగతావన్నీ దానికోసం అలాగే ఆగిపోయాయి.

"ఎంతసేపు చూడాలో ఒక అంకె వెయ్యవయ్యా," అన్నారు మా హెడ్ వరహాలరావు గారు. "అది దాటితే పోయిందనుకుని దాని పని పక్కదానికిచ్చేద్దాం."

ఒక్క అంకె. వెయ్యలేకపోయాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

నా తమ్ముడు సుక్రు కిందటేడు, తొంభై ఏడులో, వానలకి పొంగిన గెడ్డ దాటుతూ కొట్టుకుపోయాడు. మనిషి దొరకలేదు. అమ్మ దినం చెయ్యనివ్వలేదు. కోతల్లో వాడి సాలు వాడికే ఉంచింది, ఎవర్నీ కొడవలి పెట్టనివ్వలేదు.

అంకె సంగతి అలాగే వదిలేసి ఈ ఏడు కోతలకి ఊరొచ్చాను. తుఫాను మబ్బు కమ్ముకొస్తోంది. అందరూ గట్టెక్కి నిలబడ్డారు. నా సాలు పక్కనే వాడి సాలు నిలిచి ఉంది.

మల్లేశు మామ నా దగ్గరకొచ్చాడు. "మీ యమ్మకి నువ్వు సెప్పు ధర్మా. ఇలాగే ఆగితే పై సేను తడిసిపోద్ది."

వెళ్లాను. "అమ్మా, తమ్ముడింక రాడమ్మా."

తిడుతుందనుకున్నాను. అమ్మ గెడ్డ వైపు చూసింది. "సదువుకున్నోడివి. ఎన్నాళ్లు సూడాలో నువ్వే సెప్పు."

"ఇంక సూడొద్దమ్మా," అన్నాను.

అమ్మ తన కొడవలి నా చేతిలో పెట్టింది. "పక్కనున్నోడివి నువ్వే కదా. కొయ్యి."

వంగి తమ్ముడి సాలు మొదలుపెట్టాను. చేతకాక కాదు, కావాలనే మెల్లగా కోశాను. అది అయిపోతే వాడు నిజంగా పోయినట్టే. చినుకులు మొదలయ్యాయి. గట్టు మీద అందరూ తడుస్తూ నిలబడ్డారు. బేగి రమ్మని ఒక్కరూ అనలేదు.