ఎడమవైపు ఒరిగిన బస్సు

పొద్దున్నే బస్సు హారన్ బొంగురుపోయిందంటే డ్రైవర్ కూతురికి జలుబు చేసిందని అర్థం. ఆ పిల్ల కాలు బెణికిన వారమంతా వెనక చక్రం కుంటింది. ఆమె పెద్దదై, పెళ్లయి, ఓ కొడుకు పుట్టాక బస్సు ఆమెని వదిలేసి మనవడి మీద పడింది. వాడికి పళ్లొస్తున్నన్నాళ్లూ గేరు మార్చినప్పుడల్లా కరకరమని ఏదో ఒకటి కొరికేది. డిపోలో మెకానిక్ అయితే బానెట్ ఎత్తడం కూడా మానేశాడు.

"నేను చేసేదేం లేదు పెద్దాయనా. ఇంటికెళ్లి పిల్లాడికి మందు పట్టు, బండి అదే దారికొస్తుంది" అనేవాడు.

అల్లుడిది ఊరూరా తిరిగి లిఫ్టులు బిగించే పని కాబట్టి కూతురూ మనవడూ డ్రైవర్ ఇంట్లోనే ఉంటారు.

ఆ మధ్యాహ్నం మార్కెట్ మలుపు దాటేసరికి స్టీరింగ్ చేతికి చురుక్కుమంది.

"ఏంటన్నా, అందర్నీ పొయ్యి మీద కూర్చోబెట్టావు?" కండక్టరమ్మ వెనకనుంచి అరిచింది.

"చిన్నోడికి జ్వరం."

"అదా. నెమ్మదిగా పోనీ పాపం."

ఎవరో కిటికీలన్నీ తెరిచారు. దానిమ్మకాయల సంచీతో కూర్చున్న ఒకాయన తన తువ్వాలు తడిపి బానెట్ మీద పరిచాడు.

అంతలో బస్సు కొయ్యబారిపోయింది. బ్రేకు తొక్కకుండానే ఆగింది. హెడ్‌లైట్లు గుడ్లు తేలేసినట్టు పైకి తిరిగాయి, వైపర్లు బిగుసుకుపోయాయి. ఆ తర్వాత మొదలైంది కుదుపు. అద్దాలు, సీట్లు, పైన కడ్డీలు, అన్నీ ఒకే తాళంలో టకటకటక. ఇంజన్ కట్టేసినా ఆగలేదు.

ఇన్నేళ్లలో బండి ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. డ్రైవర్ కూతురికి ఫోన్ కొట్టాడు. మోగుతోంది, ఎత్తడం లేదు.

"నా చిట్టితండ్రి పోతున్నాడు" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

ఇక బస్సులో తలా ఒక సలహా.

"గట్టిగా పట్టుకోండి!" అంటూ ఓ లావాటాయన వచ్చి స్టీరింగ్‌ని కావలించుకున్నాడు.

"చల్లనీళ్లు గుమ్మరించండి!"

"స్పానర్ ఉందా? గేర్ల మధ్య ఇరికిద్దాం, లేకపోతే పళ్లు రాలతాయి!"

"ఇరికిస్తేనే రాలేది!" వెనక సీట్లోంచి గొడుగుతో జనాన్ని తప్పిస్తూ ఒకావిడ ముందుకొచ్చింది. "వదలవయ్యా ఆ స్టీరింగు, అదేమన్నా మీ ఆవిడా? మా రెండోదానికి వచ్చిందిది. పసివాళ్లకి జ్వరం సర్రున ఎక్కితే ఒక్కోసారి ఇలా ఫిట్స్ వస్తాయి. నేనూ కాళ్లూ చేతులూ అదిమిపెట్టి, నోట్లో చెంచా పెట్టిన మహాతల్లినే. డాక్టర్ పెట్టిన చీవాట్లు ఇంకా అరగలేదు నాకు. బిగించి పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. పక్కకి తిప్పి, పక్కనే ఉండాలి. ఏమ్మా కండక్టరూ, టైం చూస్తుండు. ఐదు నిమిషాలు దాటితే పెద్దాసుపత్రికి పరుగే."

"బస్సుని పక్కకెలా తిప్పుతామండీ?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. "లేవండి అందరూ. ఎడమవైపుకి. ఊఁ, కదలండి!"

కదిలారు. కుడివైపు సీట్లన్నీ ఖాళీ అయిపోయాయి. ఒకరి ఒళ్లో ఒకరు, ఒకరి భుజం మీద ఒకరు.

"అమ్మా, మోచెయ్యి!"

"మోచెయ్యి కాదండీ, దానిమ్మకాయ."

"లావాటన్నయ్యా, కిటికీ పక్కకి రా. ఇన్నాళ్లూ తిన్నదానికి ఈరోజు ఫలితం దక్కింది."

బస్సు మూలిగింది. మెల్లగా ఎడమపక్కకి ఒరిగింది. కింద ఎక్కడో మూత ఊడి తెల్లటి నీళ్లు భళ్లున రోడ్డు మీద పడ్డాయి. "రానీ, రానీ" అంది గొడుగావిడ, బస్సు గోడని నిమురుతూ. కుదుపు సన్నబడింది. ఆగింది. హెడ్‌లైట్లు కిందికి దిగాయి. ఇంజన్‌లోంచి చిన్న గురక మొదలైంది.

"నిద్రలోకి జారుకుంది. అలాగే మెల్లగా తీసుకెళ్లు అన్నయ్యా, నిద్రపోయే పిల్లల్ని భుజానేసుకుని నడవమూ?"

డ్రైవర్ రూటు తప్పించి ఇంటి వీధిలోకి తిప్పాడు. నా స్టాపేదని ఒక్కరూ అడగలేదు.

కూతురు పిల్లాణ్ణి భుజానేసుకుని, చెప్పుల్లేకుండా వీధిలో ఎదురొచ్చింది.

"నాన్నా, వీడు కళ్లు తేలేసి కొట్టుకున్నాడు. భయమేసి వెల్లకిలా అదిమి పట్టుకున్నాను. నోటినిండా పాలు, గొంతులో గురగుర, పెదాలు నల్లబడిపోయాయి. పక్కింటావిడ చెంచా పట్టుకొచ్చింది. ఇంతలో ఎవరో నెట్టినట్టు నా చేతుల్లోంచి ఎడమకి దొర్లాడు నాన్నా. పాలన్నీ బయటికొచ్చేశాయి. అప్పుడు ఊపిరి తీశాడు." ఆమె పిల్లాడి వీపు నిమిరింది. "నేను పట్టుకున్నట్టే పట్టుకుని ఉంటే..."

"దొర్లాడుగా. ఎక్కు" అన్నాడు డ్రైవర్.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లాడి ఒళ్లంతా చూసింది, మెడ వంచి చూసింది, చెవుల్లోకి లైటేసి ఆగింది.

"ఎంతసేపు వచ్చింది?"

వాళ్ల వెంటే లోపలికొచ్చిన కండక్టరమ్మ తన వాచీ చూపించింది. "మూడు నిమిషాల్లోపే. బస్సులో చూశాను." డాక్టరమ్మ రాసుకుంది.

"చెవిలో చీము పట్టింది. జ్వరం దానివల్ల. చిన్న మెదడు కదా, ఆ వేడికి తట్టుకోలేక ఇలా కుదిపేస్తుంది. చూసేవాళ్లకి ప్రాణం పోయినంత పనవుతుంది కానీ, దీనివల్ల మెదడుకేం కాదు. మళ్లీ రావచ్చు. పెరిగేకొద్దీ పోతుంది. మీ ఇంట్లో చిన్నప్పుడు ఎవరికైనా వచ్చేదా?"

"నాకు వచ్చేదని మా అమ్మ చెప్పేది" అన్నాడు డ్రైవర్.

"అయితే తాత ఆస్తే."

"ఇంకేమీ దొరకలేదా నాన్నా ఇవ్వడానికి?" అంది కూతురు. నవ్వబోయి, ఇప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చేసింది.

డ్రైవర్ బయటికొచ్చాడు. బస్సు చెట్టు నీడలో ఎడమకి ఒరిగే ఉంది. లోపల ఒక్కరూ కుడివైపుకి మారలేదు. లావాటాయన ఒళ్లో ఎవరి పిల్లో నిద్రపోతోంది.

"చెవిలో చీము పట్టిందంట. లేచాడు, పాలడిగాడు" అన్నాడు డ్రైవర్. దానిమ్మకాయలాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇక ఎవరి సీట్లో వాళ్లు కూర్చోండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

లావాటాయన ఒళ్లో పిల్లని సర్దుకున్నాడు.

"ఇంకో రెండు స్టాపులు ఇలాగే పోదాం పెద్దాయనా" అన్నాడు. "ఎందుకైనా మంచిది."