పప్పు ఉడికే నీళ్లు

కొత్త చోట ఇల్లు కట్టుకునే ముందు మనిషన్నవాడు దిక్కులు చూస్తాడు, వీధిపోటు చూస్తాడు, చేతిలో కాస్త డబ్బు ఆడుతుంటే సిద్ధాంతిని పిలుస్తాడు. మేము మాత్రం ఒక కుండ, మూడు కట్టెపుల్లలు, గిద్దెడు కందిపప్పు పట్టుకుని పోయాం.

కర్నూలుకు రాజధాని వచ్చిన మరుసటి ఎండాకాలం అది. రాజధాని వచ్చిందని ఊరంతా సంబరపడింది. మా వఠారం యజమాని అందరికంటే ఎక్కువ సంబరపడ్డాడు. మద్రాసు నుంచి దిగిన గుమాస్తాలు గుడారాల్లో మగ్గలేక, పైకప్పున్న ప్రతి కొట్టానికీ అడిగినంత అద్దె ఇస్తామంటున్నారు. బురుజు వెనక సందులో ఏళ్ల తరబడి ఒకే వాకిట బతికిన మా నాలుగు సంసారాలు ఆయన కంటికి ఒక్కసారిగా నలుసయ్యాయి. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. ఎక్కడికి పొమ్మంటావయ్యా అంటే, రాజధాని అంత ఊళ్లో చోటే దొరకదా సోమక్కా అని నవ్వాడు. సోమక్కను నేనే. జొన్నరొట్టెలు కాల్చి ఆఫీసుల ముందు అమ్ముకుంటాను. వాడి నవ్వుకు నా చేతిలోని పెనం వాడి నెత్తిన పడకపోవడం వాడి పూర్వజన్మ సుకృతం.

నా సంగతి వదిలేయండి, ఒంటిదాన్ని, ఏ చెట్టు కిందైనా పొయ్యి పెట్టుకోగలను. ఇమాం వలి దూదేకే మనిషి, భార్య నబీసా పరుపులు కుడుతుంది. వాళ్లూ ఏదో ఒక పంచ వెతుక్కోగలరు. దిక్కులేనిది తిరుపతమ్మ. ఆసుపత్రిలో ఆయా పని. మొగుడు చావలేదు గానీ, ఉన్నాడనడానికీ లేదు. ఏడేళ్ల కూతురు సుంకి. మూడో ఏట జ్వరమొచ్చి ఆ పిల్లకు రెండు కాళ్లూ పడిపోయాయి. తల్లి పనికి పోయిన పూట దాన్ని ఎత్తి దించి, కడిగి, అన్నం తినిపించేది రామసుబ్బమ్మత్త. అత్తంటే నాకు అత్త కాదు, వాకిలంతటికీ అత్త. ఆమె భర్త పుల్లయ్య మామ రాళ్లు పేర్చే మేస్త్రి, పని మానేసి రెండేళ్లయింది.

మేము తలోదిక్కయితే ముసలివాళ్లిద్దరూ కోయిలకుంట్లలో కూతురింటికి పోతారు. అప్పుడిక సుంకిని చూసేవాళ్లుండరు. కడపలో ఇలాంటి పిల్లల్ని చేర్చుకునే ఆశ్రమం ఒకటుందని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. కానీ అక్కడ వదిలితే వదిలినట్టే, ఏడాదికి ఒకసారి చూసి రానిస్తారట. ఆ మాట విన్ననాటి నుంచి తిరుపతమ్మ సరిగా అన్నం తినలేదు.

అందుకే నలుగురం కలిసి కాస్త నేల కొనుక్కుని, ఒకే వాకిలి చుట్టూ నాలుగు కొట్టాలు వేసుకుందామనుకున్నాం. రైలుకట్ట దాటాక బళ్లారి రోడ్డు పక్కన ఒక బీడు చౌకగా దొరికింది. దాంట్లో బావి కూడా ఉంది. అంత చౌకగా ఎందుకిస్తున్నావని ఆసామిని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది. ఇంకెవరో కూడా అడుగుతున్నారు, సాయంత్రానికల్లా ఏదో ఒకటి తేల్చమన్నాడు.

తేల్చవలసింది రామసుబ్బమ్మత్త. రెండేళ్ల కిందట పుల్లయ్య మామకు మూత్రంలో రాళ్లు పడి, కోసి తీశారు. మళ్లీ ఉప్పునీళ్లు, చవుడు నీళ్లు తాగితే ఈసారి మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. ఆ వార్డులో ఆయనకు సేవలు చేసింది తిరుపతమ్మే. ఆ నీళ్లలో పప్పు ఉడికితేనే నేనూ నా మొగుడూ వస్తామని అత్త ముందే చెప్పింది. పప్పు ఉడకని నీళ్లు కడుపులో మాత్రం ఏం కరుగుతాయన్నది ఆమె లెక్క. అత్త రాకపోతే ఆ స్థలం వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

"ఉడక్కపోతే మాత్రం ఏమత్తా? మామకొక్కనికి తుంగభద్ర నీళ్లు నేను మోసుకొస్తా" అన్నాడు ఇమాం వలి.

"ఎన్నాళ్లు మోస్తావప్పా? నీకు జ్వరమొచ్చిన దినం ఆయప్ప ఏం తాగల్ల?" అంది అత్త.

పొయ్యి అంటించి కుండ ఎక్కించాక నేను ముగ్గుపిండితో నేల మీద గీతలు గీశాను. ఇది అత్త గది, ఇది నబీసాది, ఇది నాది, ఇది తిరుపతమ్మది. నాలుగు గుమ్మాలూ లోపలికే. తిరుపతమ్మ సుంకిని ఎత్తుకొచ్చి గీతల నడుమ కూర్చోబెట్టింది. తర్వాత ఒక్కొక్క గుమ్మంలో నిలబడి, అక్కడి నుంచి పిల్ల కనబడుతుందా లేదా అని చూసింది. నా గుమ్మం కాస్త ఓరగా ఉందని చెరిపించి మళ్లీ గీయించింది.

"అమా, నా మంచం ఈడేనా?" అంది సుంకి.

"ఈడే నాయనా. అందరికీ కనపడేతట్టు."

ఎండ నెత్తికెక్కింది. కట్టెలు అయిపోయి నబీసా కంపపుల్లలు ఏరుకొచ్చింది. నీళ్లు సగానికి మరిగాయి, మళ్లీ పోశాం. పప్పు మాత్రం వేసినప్పుడు ఎలా ఉందో అలాగే, బద్దకు బద్ద విడివిడిగా కుండలో దొర్లుతోంది. అత్త గరిటెతో ఒక బద్ద తీసి వేళ్ల మధ్య నొక్కింది. అది చిట్లి ఎగిరిపోయింది. ఇమాం వలి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు రాగానే కోపమొచ్చింది, ఆ కోపం కంపపుల్లల మీద చూపించాను.

"మీరు రోంత నీడకు పోండి. నేను సూస్తాంటా" అంది తిరుపతమ్మ.

తన మంచం చోటు వదలనన్న సుంకి తప్ప అందరం బావిగట్టు నీడకు పోయాం. కాసేపటికి నేను వెనక్కి చూసేసరికి కుండలో నురగ పొంగి పొయ్యిలోకి కారుతోంది. పప్పుకు నురగ రావడం కొత్తేమీ కాదు. కానీ అది మొదట్లో వస్తుంది, మధ్యాహ్నం దాకా మరిగాక రాదు. తిరుపతమ్మ కొంగుముడి మళ్లీ బిగించుకుంటోంది. ఏ నీళ్లలోనైనా పప్పును మెత్తబరిచే తినే సోడా. నాకు అర్థమైపోయింది. అర్థమయ్యీ నోరు మూసుకున్నాను. నాకూ ఇల్లు కావాలి మరి.

అత్త వచ్చి బద్ద నొక్కి చూసింది. వెన్నలా నలిగింది. ఇంకొకటి నొక్కింది. ఆమె ముడతల మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"మెత్తగుండాది! ఏమప్పా, మెత్తగుండాది సూడు!"

పుల్లయ్య మామ గరిటెలోంచి కాస్త చేతిలో వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. తిరుపతమ్మ వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది. తర్వాత ముగ్గుగీతల నడుమ కూర్చున్న సుంకిని చూసి, నోట్లోది మింగేశాడు.

"ఉడికింది. తీసుకుందాం" అన్నాడు.

నబీసా పరుగెత్తి సుంకిని ముద్దులాడింది. ఇమాం వలి ఆసామిని పిలుచుకొస్తానని లేచాడు. అత్త ఆనందం పట్టలేక, బావిలో చేదిన నీళ్లు గ్లాసులో ముంచి భర్త చేతికిచ్చింది. "మన బాయి నీళ్లు. మొదుట నువ్వే తాగల్ల."

మామ గ్లాసు నోటి దగ్గరకు ఎత్తాడు. తిరుపతమ్మ ఒక్క దూకు దూకి ఆయన చేతిని కొట్టింది. గ్లాసు రాళ్ల మీద పడి దొర్లింది.

"తాగొద్దు మామా! సోడా ఏసినా. ఉడకలా, పప్పు ఉడకలా!"

ముందుగా మాట్లాడింది మామే, అదీ కోపంగా.

"నిన్నెవరు సెప్పమన్నారే? నేను ఒప్పుకొన్యా గదా! నాపరాళ్ల మీద తవ్విన బాయి ఇది. రాళ్లు కొట్టి బతికినోన్ని, నీళ్లు ఎట్లుంటాయో కుండ ఎక్కియ్యక ముందే నాకు తెలుసు. ఇంగ నాకెన్నేండ్లుండాయని? ఆ పాప సిన్నది."

"నిన్ను సంపుకోని నా బిడ్డను సాకల్లనా మామా? రేపు అత్త మొగం ఎట్ల సూసేది?" అంటూ తిరుపతమ్మ కూలబడింది. సుంకి చేతుల మీద పాక్కుంటూ తల్లి దగ్గరికి వచ్చింది. వచ్చినంత మేరా ముగ్గు చెరిగిపోయింది.

రామసుబ్బమ్మత్త చాలాసేపు భర్తను చూసింది, ఆయన్ని కొత్తగా చూస్తున్నట్టు. తర్వాత వచ్చి తిరుపతమ్మ తలను తన కడుపుకు ఆనించుకుంది.

"నా మొగున్ని నాకు మిగిలిస్తివి తల్లీ. నీ బిడ్డను నీకు మిగిల్చేదానికి నా సేత కాకపాయనే" అని గుండెలు బాదుకుంది.

ఆ ఎండలో నురగ చూసి నోరు మూసుకున్న నేను, ఇద్దరినీ లేవదీయడానికి కూడా దగ్గరికి పోలేకపోయాను. సాయంత్రానికి ఆ స్థలం ఇంకెవరో కొనుక్కున్నారు. తర్వాత వెతకని చోటు లేదు. ఊరంతా గుడారాలే, మాకు పట్టేంత మూల దొరకలేదు.

కడప బస్సు ఎక్కే రోజు ఉదయం, అత్త తన గిన్నెలన్నీ కోయిలకుంట్ల బండికి ఎక్కించి, ఒక కుండ మాత్రం మిగుల్చుకుంది. నదికి పోయి నీళ్లు తెచ్చి పప్పు వండింది. సుంకిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నెయ్యి వేసి, ముద్దలు చేసి పెట్టింది. తిరుపతమ్మ మూట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బస్సుకు వేళవుతోందని మేమెవరం అనలేదు.

"అవ్వా, కడప నీళ్లకు పప్పు ఉడుకుతాదా?" అని అడిగింది సుంకి.

"ఉడుకుతాది నాయనా. శానా బాగా ఉడుకుతాది" అంది అత్త.

ఆమె ఎన్నడూ కడప చూసింది లేదు. ఆఖరి ముద్ద పెట్టి, మూతి తుడిచి, పిల్లను ఎత్తి తల్లి చేతికిచ్చింది.