మంద దగ్గరి పాఠం

తొమ్మిదో తరగతి పిల్లలు ఏదో ఒక వృత్తివిద్యను ఎన్నుకొనే అవకాశం ఆ సంవత్సరమే రాళ్లకుంట ఉన్నత పాఠశాలకు వచ్చింది. మర్రిగూడకు అవతల, పత్తి చేల నడుమనున్న బడి అది. విద్యుత్ పనులు ఒకటి, పశుపోషణ మరొకటి. ఒక్కొక్కదానికి ఇరవై స్థానాలు.

మల్లిక తన కాగితం మీద ‘ఎలక్ట్రికల్’ అని రాసి ఇచ్చింది. గడచిన ఎండాకాలం వాళ్ల బోరు మోటారు స్టార్టరు కాలిపోయింది. మెకానిక్కు వచ్చేదాకా నాలుగు రోజులపాటు తండ్రి మల్లప్ప నూట ఇరవై జీవాలను రెండు కోసుల దూరం నీళ్లకు తోలుకుపోయాడు. దారిలో మూడు గొర్రెపిల్లలు సొమ్మసిల్లి చచ్చిపోయాయి. తీరా వచ్చిన మెకానిక్కు ఆ పెట్టె విప్పి పావుగంటలో పని ముగించాడు. పక్కన నిలబడి చూసిన మల్లికకు ఆ పావుగంట విద్య తనకు కావాలనిపించింది.

గోడకు అంటించిన జాబితాలో ఆమె పేరు పశుపోషణ కింద ఉంది.

అడగబోతే, ఆ విభాగాలు చూసే నాగేందర్ సారు నవ్వాడు. “మీ నాయిన గొర్లు కాస్తడు గద! నీకు గదైతే చదవకుంటనే మార్కులొస్తయ్. పో, పోయి కూసో.”

సాయంత్రం తండ్రికి చెప్పింది. మల్లప్ప చెవిన పెట్టలేదు. ప్రతి శుక్రవారం ఆ తరగతిని తన దొడ్డి దగ్గరికే తీసుకువస్తామని సార్లు కబురు పంపి ఉన్నారు. మూడో తరగతిలోనే తాను విడిచిన బడి తన వాకిటికి నడిచి వస్తున్నదన్న సంతోషంలో ఆయనకు మరేదీ వినిపించలేదు.

“సప్పుడు జెయ్యకు బిడ్డా. సార్లు మన మంద కాడికొస్తమంటే వద్దంటమా? ఊళ్లె ఎవలకు దక్కింది గీ మర్యాద?”

దొడ్డి ఊడ్పించాడు. వేపచెట్టు కింద కొత్త గొంగడి పరిచాడు. మూడు శుక్రవారాలు చాయ కాచి అందించడంలోనే గడిపాడు. నాలుగో శుక్రవారం ఆ పని భార్య లీలమ్మకు అప్పగించి, తానూ పాఠం విందామని పిల్లల వెనక నిలబడ్డాడు.

ఆనాటి పాఠం గొర్రెలకు కడుపులోని పురుగులు పోయే నట్టల మందు తాపడం. పాఠం చెప్పేందుకు పట్నం నుంచి వచ్చిన నాగరాజు సారు పొట్టేలుకు నాలుగడుగుల దూరంలో నిలిచి, “మల్లికా, పట్టుకో” అన్నాడు. ఆమె పట్టుకున్నది. ఆయన భయపడుతూనే దగ్గరికి వచ్చి దాని మూతిని ఆకాశానికి ఎత్తాడు.

“అంత మీదికి ఎత్తొద్దు సారూ. మందు ఊపిర్లకు పోతది. జీవి సస్తది” అని మల్లిక ఆయన చెయ్యి కిందికి దించింది. తానే మందు తాపింది. దాని పెదవి విప్పి, పండ్లు చూసి వయసు చెప్పింది. నాగరాజు సారు వెనక్కి తిరిగి, “విన్నారు కదా? రాసుకోండి” అన్నాడు. పంతొమ్మిది మంది రాసుకున్నారు. ఇరవయ్యవది పేడ చేతులతో మరో గొర్రెను పట్టుకొని ఉంది. ఆమె నోటుపుస్తకం రాతి మీద తెరవకుండా పడి ఉంది.

కోపం పాపమని పెద్దలు చెబుతారు. బిడ్డకు జరిగిన అన్యాయం కళ్లెదుట కనబడినప్పుడు చల్లగా ఉండే నెత్తురు పుణ్యమని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పలేదు. మల్లప్ప పిల్లలను తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

“సారూ, జర ఆగున్రి. గీడ పాఠం ఎవలు చెప్తున్రు? ఎవలు నేర్సుకుంటున్రు?”

“మీ అమ్మాయికి బాగా వచ్చు కదా, అందుకని...”

“వచ్చినదానికి బడెందుకు? ఆరేండ్లప్పుడే నేర్పిన నేను! గీ గొర్రెను ఇడిసిపెట్టు బిడ్డా. నడువు.”

ఆ మట్టికాళ్లతోనే కూతురిని వెంటబెట్టుకొని ప్రధానోపాధ్యాయురాలు శైలజ గదిలోకి వెళ్లాడు. బోర్డుకు పంపవలసిన పేర్ల జాబితా ఆమె బల్ల మీదనే ఉంది. ఆ సాయంత్రంతో గడువు ముగుస్తుంది. పక్కనే నాగేందర్ సారు కూర్చుని ఉన్నాడు.

“నా బిడ్డ ఎలక్ట్రికల్ అని రాసిచ్చింది మేడం. గొర్ల కాడికెందుకు తోలిన్రు?”

“ఇరవై మంది నిండిన్రు మల్లప్పా” అన్నాడు నాగేందర్ సారు. “ఇప్పుడొచ్చి లొల్లి వెడ్తే ఎట్ల? కులపు పనే గద, నామోషీ ఏముంది నీకు?”

“నామోషీనా!” మల్లప్ప గొంతుకు వరండాలోని పిల్లలు ఆగిపోయారు. “గొర్లు కాసుడు నాకు నామోషీ గాదు సారూ. మీ సారు పొట్టేలుకు బయపడుతుంటే నా బిడ్డ దాని మెడ పట్టుడు నామోషీ. సోమారం తనిఖీకి పెద్దసార్లు వస్తరట గద? నా దొడ్డి మూసిన. మీ పాఠానికి జీవాలు ఏడికెళ్లి తెస్తరో తెచ్చుకోన్రి.”

శైలజ బీరువా తెరిచి, పిల్లలు రాసి ఇచ్చిన కాగితాల కట్ట విప్పింది. మల్లిక కాగితం మీద ‘ఎలక్ట్రికల్’ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టివేసి, పక్కన ‘పశుపోషణ’ అని రాసి ఉంది. అలాంటివి మరి నాలుగు. నలుగురూ గొర్లకాపరుల పిల్లలే. ఆమె కట్టను మరోసారి మొదటి నుంచి చివరిదాకా తిరగేసింది.

“నాగేందర్ గారూ, ఎలక్ట్రికల్ జాబితాల అయిదుగురి కాగితాలే లేవిందులో. మీ తమ్ముని కొడుకుది గూడ లేదు. ఏమయినయ్?”

“పిల్లల మంచికే మేడం... వాళ్లకు సులువుగ ఉంటదని...”

“ఎవలకు సులువు?” శైలజ కలం అందుకున్నది. కాగితం ఇవ్వని అయిదు పేర్లను జాబితాలో అడ్డంగా కొట్టేసి, మల్లికతో పాటు ఆ నలుగురినీ చేర్చి, సంతకం చేసింది. “పో మల్లికా. వర్క్‌షాపుల క్లాసు నడుస్తుంది. మిగిలిన నలుగురికి కబురు నేను పంపుత.”

మల్లప్ప కూతురి వైపు తిరిగాడు. “అయింది గద బిడ్డా. ఇగ నవ్వు.”

మల్లిక నవ్వలేదు. “నాగేందర్ సారు గా మాట అన్నరోజే చెప్పిన నాయినా నీకు. చాయ పోసి కూసోవెట్టినవు వాళ్లను. నన్ను సప్పుడు జెయ్యకన్నవు.”

మల్లప్పకు అంతదాకా నాగేందర్ మీద మండిన కోపమంతా తన గుండెలోకే తిరిగి పొడుచుకున్నది. మల్లిక కుళాయి దగ్గర మోచేతులదాకా కడుక్కొని, తండ్రి కోసం ఆగకుండా వర్క్‌షాపులోకి వెళ్లి, ముందు వరుస బల్ల మీద కూర్చున్నది.