తిట్టే హక్కు

బైజుమా పాదం నల్లబడి అప్పటికి తొమ్మిది రోజులు. షుగరు తినేసిన ఆ కాలిని మోకాలి కిందికి తీసేస్తే మనిషి దక్కుతాడు, లేకపోతే వారం గడవడం కూడా కష్టం. ఆ ముక్క డాక్టర్ తొలెగెన్ ఎంత నెమ్మదిగా చెప్పినా, అరవై ఎనిమిదేళ్ళ ఆ గుర్రాల కాపరి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"రెండు కాళ్ళతో వచ్చాను, రెండు కాళ్ళతోనే పోతాను," అనేవాడు.

కొడుకులు బతిమాలారు. ఊరి పెద్దలు వచ్చి, మనిషి ఇంకా పోకముందే ఆయన మంచితనం చెప్పుకున్నారు. అందరూ వంగి వంగి మాట్లాడేవాళ్ళే. తొలెగెన్‌కి ఒళ్ళు మండింది. గుర్రపు పాల సీసాతో వరండాలో కూర్చున్న బైజుమా భార్య కునిమ్‌జాన్ దగ్గరికి వెళ్ళాడు.

"ఈయన్ని నవ్వించే మనిషే లేడా, వదినా?"

"ఉండేవాడు, ఓరజ్ అని. ఇద్దరిదీ గొర్రె సంవత్సరం. కలిస్తే ఒకటే తిట్లు. మొన్న చలికాలంలో పోయాడు. అప్పట్నుంచీ ఈయన ఇంతే."

ఆ గుర్రాల కాపరుల గడ్డిమైదానాల్లో ఏళ్ళకి జంతువుల పేర్లు; ఒకే ఏడు పుట్టినవాళ్ళు కుర్దాసులు. కుర్దాసు కుర్దాసుని ఎంత మాటైనా అనొచ్చు. పడ్డవాడు కోపం తెచ్చుకుంటే తప్పు వాడిదే. వయసులో చిన్నవాళ్ళు మాత్రం పెద్దవాళ్ళ ముందు లేచి నిలబడాల్సిందే.

మర్నాడు తొలెగెన్ తలుపు కాలితో తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఏరా బైజుమా, ఇంకా పోలేదా? నీ మంచం కోసం బయట ముగ్గురు కాచుకున్నారు."

నర్సు చేతిలో పళ్ళెం జారబోయింది. ముసలాయన మెల్లగా ఇటు తిరిగాడు.

"నువ్వు ఏ ఏట పుట్టావు?"

"గొర్రె. మన మందలోవాణ్ణేనని మొహం చూస్తే తెలీడం లేదూ?"

"గొర్రెల పరువు తీస్తున్నావు," అన్నాడు బైజుమా. ఆస్పత్రికి వచ్చాక ఆయన నోట సరసం రావడం అదే మొదలు.

నిజానికి తొలెగెన్ ఐదేళ్ళు చిన్న. పెద్దవాణ్ణి అనరాని మాటలంటున్నానని లోపల బెరుకే. అయినా పూటపూటా వచ్చి తిట్టాడు, తిట్లు తిన్నాడు. మూడో రోజున బైజుమా ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం లాక్కుని సంతకం పెట్టాడు.

"సరిగ్గా కొయ్యి. నీలాంటి చేతగానివాడి చేతిలో పోతే ఓరజ్ పైన పడీ పడీ నవ్వుతాడు," అన్నాడు.

ఆపరేషన్ ఉదయం ఆయన గుండె కొట్టుకునే తీరు ఏం బాగాలేదు. ఆపరేషన్ గది ముందు స్ట్రెచర్ పక్కన నిలబడ్డ తొలెగెన్ ముసలాయన భుజం తట్టాడు.

"భయపడకండన్నా. మీరు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి," అన్నాడు.

నోరు జారిందని అన్నాక తెలిసింది.

"మీరా?" అన్నాడు బైజుమా. "ఇంత మర్యాద చేస్తున్నావంటే నా పని అయిపోయినట్టే. బండి వెనక్కి తిప్పండి."

"అబద్ధం చెప్పానన్నా. నేను మీకంటే ఐదేళ్ళు చిన్న."

"అది మొదటి రోజే తెలుసురా. ఈ జిల్లాలో నా ఏట పుట్టినవాళ్ళెవరో నాకు తెలీదా? అబద్ధానికైనా తిట్టేవాడొకడు దొరికాడని ఊరుకున్నా. నువ్వూ వంగిపోతే ఇంక నాకెవరున్నారు?"

తొలెగెన్ నోరు తెరిచాడు. ఒక్క తిట్టూ రాలేదు, ఏడుపు వచ్చింది.

కునిమ్‌జాన్ తలగుడ్డ సర్దుకుని ముందుకొచ్చింది. నలభై ఆరేళ్ళ కాపురంలో భర్త పేరు పలకని మనిషి.

"నాదీ గొర్రె సంవత్సరమే. పెళ్ళయిన్నాటి నుంచీ నోరు కట్టుకుని ఉన్నా. ఒరేయ్ బైజుమా, ముసలి గాడిదా, ఒంటికాలి మొగుణ్ణి మేపగలను గానీ శవాన్ని మేపలేను. నోర్మూసుకుని లోపలికి పో."

బైజుమా బండి ఊగిపోయేలా నవ్వాడు.

"ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడ దాచావే?"

"ఇంకా బోలెడున్నాయి. లేచాక చెబుతా."

తొలెగెన్ కళ్ళు తుడుచుకుని బండి లోపలికి తోశాడు.

సాయంత్రం మత్తు దిగాక బైజుమా కళ్ళు తెరిచాడు. కాలివైపు చూసుకోలేదు, డాక్టర్‌వైపూ చూడలేదు. గుమ్మంలో భార్యను వెతుక్కున్నాడు.

"ఏదీ అది? మిగతా తిట్లు చెప్పమను," అన్నాడు.