గడప ఇవతల

జిరాక్సు కొట్టు అతను కళ్ళు తుడుచుకున్నాడట. ఆ సంగతి అతను ఇస్త్రీ పెద్దమ్మకు చెప్పాడట. పెద్దమ్మ మడతపెట్టిన బట్టలతో పాటు దాన్నీ మోసుకొచ్చి వదిన గుమ్మంలో దించింది. మీ చిన్నోడు ఏదో కాలేజీకి తన కథ రాసి అచ్చు తీయించుకున్నాడట కదా, కన్నతల్లిని మూడు నెలలు పసిపిల్లలా చూసుకున్నాడట కదా, పక్క తీశాడట, ఒళ్ళు తుడిచాడట, చివరి గుక్క నీళ్ళు కూడా తనే పట్టాడట కదా, కొడుకంటే వాడమ్మా, నాకూ ఉన్నారు ఇద్దరు, చొక్కా మీద మడత సరిగ్గా పడిందా లేదా చూసుకోడానికి తప్ప నా మొహం చూడరు, అని వాపోయిందట.

వదిన ఇదంతా మధ్యాహ్నం కూర వడ్డిస్తూ చెప్పింది. బజారులో ఏది ఎంతకు అమ్ముతున్నారో చెప్పినట్టు చెప్పింది. చివర్లో మాత్రం, "అంత బాగా రాశావంటే మాకూ ఓసారి చదివి వినిపించకూడదా?" అంది.

చిన్నోడు తలూపాడు. కలిపిన ముద్దనే మళ్ళీ కలిపాడు.

ముప్ఫై ఒకటో ఏడు నడుస్తున్నా ఇంట్లో అతను చిన్నోడే. ఊరి గ్రంథాలయంలో గుమాస్తా. మతం, దైవశాస్త్రం మీద పెద్ద చదువు చదవాలని పదేళ్ళ నుంచి ఒకటే పట్టు. కిందటేడు మూడు చోట్లకు దరఖాస్తు పెడితే మూడు చోట్లా కాదన్నారు. రెండు కాలేజీల వాళ్ళు ఊరికే కాదన్నారు. మూడో కాలేజీలో ప్రొఫెసరమ్మ ఒకావిడ మాత్రం ఉత్తరం చివర సొంత చేతిరాతతో రెండు ముక్కలు చేర్చింది: "మీ వ్యాసంలో బోలెడన్ని పుస్తకాలు ఉన్నాయి. మీరు ఎక్కడా కనబడలేదు."

ఆ రెండు ముక్కలు అతన్ని ఏడాది పొడుగునా తిన్నాయి. ఈసారి ఆ కాలేజీ ఫారంలోనూ అదే ప్రశ్న. మిమ్మల్ని ఈ చదువు వైపు నడిపించిన అనుభవం ఏమిటి, వెయ్యి మాటలకు మించకుండా రాయండి. అనుభవం కోసం ఇల్లంతా వెతికాడు. ఇంట్లో ఉన్న అనుభవం ఒక్కటే. అది వదినది.

అమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు అన్నయ్య లారీ మీద ఊళ్ళు తిరుగుతూ పదిహేను రోజులకోసారి ఇల్లు చేరేవాడు. చిన్నోడు పరీక్ష ఉందని చెప్పి స్నేహితుడి గదికి మకాం మార్చాడు. పరీక్ష ఉన్న మాట నిజమే, కానీ అది ఒక్క పూట పరీక్ష. మిగిలిన రోజులు ప్రార్థన మందిరం పక్కన చదువుల గదిలో కూర్చుని, రోగిలో దైవాన్ని చూడటం గురించి రాసిన లావుపాటి పుస్తకం తిరగేస్తూ గడిపాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. గడప ఇవతలే నిలబడేవాడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, "ఎలా ఉందమ్మా?" అనేవాడు. అమ్మకు మాట స్పష్టంగా వచ్చేది కాదు, కళ్ళు మాత్రం రుమాలు మీదే ఉండేవి. పది నిమిషాలకు బస్సు టైమయిందని బయలుదేరేవాడు. స్నేహితుడి గది ఇంటి నుంచి పావుగంట నడక. దానికి బస్సెందుకో వదిన ఎప్పుడూ అడగలేదు.

అమ్మ పోయాక, పెదాలు దూదితో తడుపుతుంటే ఆవిడ చివరగా ఏమన్నదో వదినే చెప్పింది. "ఇక చాల్లే అమ్మా, పోయి తిను" అన్నదట. చిన్నోడు ఆ మాటను వ్యాసంలో దించుకున్నాడు. "అమ్మా" తీసేసి "నాన్నా" పెట్టాడు. ఆ మార్పు చేసినప్పుడు వేలు కాసేపు ఆగింది. ఆ తర్వాత కదిలింది.

ఇప్పుడు ఇస్త్రీ పెద్దమ్మ పుణ్యమా అని వీధి వీధంతా అతన్ని మెచ్చుకుంటోంది. పాలావిడ నవ్వుతుంది, ఎప్పుడూ పలకరించని పక్కింటి మాస్టారు దండం పెట్టాడు. తేలు కుట్టిన దొంగ అన్నా నోరు మూసుకుని ఓ మూల కూర్చోవచ్చు, ఇతను దండాలకు తిరిగి దండాలు పెట్టాల్సి వచ్చింది. వదిన మళ్ళీ చదివి వినిపించమనలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. అడగకపోయేసరికి, ఆవిడ కుట్టుమిషను చప్పుడు వినపడినప్పుడల్లా ఇల్లు వదిలి వెళ్ళిపోవాలనిపించేది.

దరఖాస్తు గడువుకు ఇంకా మూడు రోజులున్నాయి. నిజం రాద్దామని కూర్చున్నాడు. "నేను గడప ఇవతల నిలబడ్డాను" అని మొదలుపెట్టాడు. తర్వాతి వాక్యం రాలేదు. గడప ఇవతల నిలబడ్డవాడికి దైవశాస్త్రంలో సీటెవరిస్తారనుకున్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, పాత వ్యాసమే పంపాడు. ఫారంలో, ఇంట్లో మాట్లాడదగిన మనిషి ఫోను నంబరు ఇమ్మంటే అన్నయ్యది ఇచ్చాడు. ఎటూ ఆయన రోడ్డు మీదే ఉంటాడు, లారీ హోరులో ఎవరడిగినా సరే సరే అంటాడని ధైర్యం.

నెలన్నర తర్వాత ఫోను మోగిన రోజున లారీ షెడ్డులో ఉంది, అన్నయ్య ఇంట్లో ఉన్నాడు. వదిన మిషను ముందు కూర్చుని స్కూలు పిల్లల చొక్కాలు కుడుతోంది. చిన్నోడు కిటికీ దగ్గర ఉన్నాడు.

అవతల, కిందటేడు ఆ రెండు ముక్కలు రాసిన ప్రొఫెసరమ్మ. దరఖాస్తు తమకు నచ్చిందనీ, రాసింది ఇంట్లోవాళ్ళతో ఒకసారి సరిచూసుకోవడం తమ పద్ధతనీ చెప్పింది. అన్నయ్య ఉన్నదున్నట్టు అనేశాడు, "నాకేం తెలుసండీ, నేను ఇంట్లో ఉంటే కదా. అప్పుడు ఇక్కడున్నది మా ఆవిడే." అని ఫోను స్పీకర్లో పెట్టి మిషను బల్ల మీద ఉంచాడు.

చిన్నోడు కిటికీ దగ్గర నుంచి బల్ల వైపు రెండడుగులు వేశాడు. వదిన అతని వైపు చూడలేదు. చొక్కా చేతి మీద కుట్టు పూర్తిచేసి, దారం పళ్ళతో తెంపి, అప్పుడు "చెప్పండి" అంది.

ప్రొఫెసరమ్మ అడిగింది, కాలేజీ తరఫున అడగాల్సినవి. తర్వాత గొంతు తగ్గించి, ఇది సొంత ప్రశ్న అనుకోండి అంది. తన తల్లి కూడా మంచంలోనే ఉందట. ఒక్క మనిషి అంత బరువును పక్కకు ఎలా తిప్పగలడు, మీ మరిది అది రాయలేదు, మీరు చూసే ఉంటారు కదా, చెప్పగలరా అంది.

వదిన చెప్పింది. దుప్పటి అడ్డంగా సగానికి మడిచి నడుము కింద వేసుకోవాలనీ, మనిషిని కాదు దుప్పటినే లాగాలనీ, లాగేటప్పుడు మన మోకాలు మంచం పట్టెకు ఆనించుకోవాలనీ చెప్పింది. పక్క గుడ్డకు మధ్యలో కుట్టు ఉండకూడదంది, ఆ కుట్టు ఒరుసుకునే వీపు పుండ్లు పడుతుంది, అందుకని యూనిఫారాలకు తెచ్చిన కొత్త గుడ్డ వెడల్పు తగ్గకుండా నిండు పన్నాగా చింపి నాలుగు మూలలా నాడాలు కుట్టి మంచానికి కట్టేవాళ్ళమంది. రెండు గంటలకోసారి తిప్పాలి. తిప్పినప్పుడల్లా మాట్లాడుతూ తిప్పాలి, లేకపోతే బస్తాను దొర్లించినట్టు వాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది.

అవతల కాగితం మీద కలం గీస్తున్న చప్పుడు వినపడింది.

"ఇవన్నీ ఆయనే చేశారా అమ్మా?" అంది ప్రొఫెసరమ్మ.

చిన్నోడు నోరు తెరిచాడు. ఆ క్షణాన ఒక్క మాట చాలు. తెరిచిన నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగాడు. అన్నయ్య గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

"చేశాడండీ," అంది వదిన.

ప్రొఫెసరమ్మ చాలాసేపు కృతజ్ఞతలు చెప్పింది. వారంలో ఉత్తరం వస్తుందనీ, దిగులు పడొద్దనీ చెప్పి పెట్టేసింది. అన్నయ్య ఊపిరి వదిలి, ఇంకేం, సీటు మన జేబులో ఉన్నట్టే, అని నవ్వబోయాడు. ఆ నవ్వు తోడు దొరక్క మధ్యలోనే ఆగిపోయింది.

చిన్నోడు జేబులో చెయ్యి పెట్టాడు. నాలుగు మడతల కాగితం అక్కడే ఉంది, అంచులు నలిగి మెత్తబడింది. దాన్ని తీయలేదు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పేయాల్సింది వదినా," అన్నాడు. తన చెవులకే ఆ మాట తప్పు ఆవిడ మీదకు నెట్టేసినట్టుగా వినిపించింది.

వదిన ఇంకో చొక్కా చెయ్యి సూది కిందకు జరిపింది. మిషను తొక్కలేదు.

"మీ అమ్మ కింద పాడైన గుడ్డలు తీసినట్టే ఇదీ తీశాను. ఇక మీదట నీవి నువ్వే తీసుకో."