ఒక్క గురువారం తప్ప

"తొడుగు పనిచేయలేదక్కా," అంది పద్మ, కూర్చోకుండానే.

సావిత్రమ్మ తల ఎత్తలేదు. ఆదోనిలోని ఆ చిన్న క్లినిక్‌లో పదకొండేళ్లుగా సుఖవ్యాధుల గురించి సలహాలు చెబుతున్న ఆమెకు ఆ మాట కొత్త కాదు. పద్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరుతుంది. జుట్టులో ఇంకా నూగు ఉంది. భర్త ఉరుకుందు పత్తి బేళ్ల లారీ నడుపుతాడు. అతని నుంచి సోకిన జబ్బుకు రెండు నెలల క్రితం ఇద్దరికీ మాత్రలిచ్చారు. అతను నిరోధ్ ముట్టనన్నాడు గనక, ఆడవాళ్లు లోపల అమర్చుకునే తొడుగులు పద్మకు ఇచ్చారు. ఇప్పుడు మళ్లీ అదే మంట, అదే స్రావం.

"చినిగిందా? జారిందా?"

"లేదు. నువ్వు సెప్పినట్లే పెట్టుకున్నా. చిన్న రింగు లోపల, పెద్దది బయట."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ." అప్పుడు కుర్చీలో కూర్చుని, "ఒక్క గురువారం తప్ప."

సావిత్రమ్మ కలం కింద పెట్టింది.

"ఆ పొద్దు మా ఆయప్ప ఎమ్మిగనూర్లో లోడు దించి మంత్రాలయం పోయినాడు. తుంగభద్రలో మూడు మునకలేసి, మంత్రాక్షతలు తెచ్చినాడు. ఇంగ నాకేమీ లేదు, అంతా కడుక్కొని పోయిందన్నాడు. అట్ల వచ్చినోని ముందర, నువ్వు మైలోడివి అన్నట్ల నేనెట్ల పెట్టుకునేది?"

"అతని మాత్రలు?"

"యేట్లో ఇడిసినాడంట. మొక్కు మీద అనుమానం పెట్టుకోగూడదని."

"చేపలకు నయమై ఉంటుంది."

పద్మ నవ్వబోయి ఆగింది. నమోదు పత్రంలో 'తొడుగు వాడినా వ్యాధి సోకింది' అన్న గడి ఉంది. మొక్కుకు గడి లేదు. సావిత్రమ్మ ఆ గడిని ఖాళీగానే వదిలి, పక్కన నాలుగు మాటలు రాసుకుంది.

"నిజం సెప్పక్కా. ఇది నన్ను కాపాడ్తాదా, లేదా? కాపాడదంటే నేను ఆస్పరికి, మా అమ్మోళ్ల కాడికి పోతా."

"నూటికి నూరని చెప్పను. ప్రతిసారీ, సరిగ్గా వాడితే మగవాళ్ల తొడుగుకు పెద్దగా తీసిపోదని పరిశీలనలు చెబుతున్నాయి. కప్పని చోట పుండు తగిలితే ఆపలేదు. పెట్టుకోని రోజు అసలే ఆపలేదు."

"ఆయప్ప మొక్కు కన్నా మేలేనా?"

"మొక్కుకు నా దగ్గర లెక్కల్లేవు పద్మా."

 "ఈ పొద్దు మళ్లా మంత్రాలయం పోయినాడు. ఐదింటి బస్సుకు దిగుతాడు," అంది పద్మ.

"ఇద్దరూ మందు మింగి, వారం దూరంగా ఉండాలి."

"సెప్పినా. స్వామి కాడ్నుంచి వచ్చినోన్ని తోసేస్తావా అంటాడు."

సావిత్రమ్మ అతని మాత్రలు మళ్లీ పొట్లం కట్టింది. "ఈ తొడుగు కొన్ని గంటల ముందే పెట్టుకోవచ్చు. అతను వచ్చాక, అతని ముందర పెట్టుకోనక్కరలేదు," అంది.

గడియారం మూడు చూపుతోంది. పద్మ తన మాత్రలు అక్కడే మింగి, ఒక తొడుగు ప్యాకెట్టు తీసుకుని తెర వెనక్కి వెళ్లింది. బయటికి వచ్చి నాలుగడుగులు వేసి చూసుకుంది.

"నడిస్తే చప్పుడు చేస్తాదా?"

"చేయదు. చప్పుడు చేసేది పాత రకం."

"అయితే మిల్లుకు పోతా," అంది పద్మ, కొంగు దులుపుకుంటూ. "ఇంకా రెండు గంటల పనుండాది."