విమానానికి పోయిన సద్ది

ఆదిలాబాద్ విమానాల మైదానంలోంచి మూడో బర్రెను తోలేసరికి మొండయ్యకు ఆయాసం వచ్చింది. పద్నాలుగేళ్లుగా అతని కొలువు ఇదే. గడ్డి కోయాలి, గొడ్లను తోలాలి, విమానం వచ్చే రోజున పచ్చిగడ్డి తగలబెట్టి గాలి ఎటు వీస్తోందో పైవాళ్లకు పొగతో చూపించాలి. ఏడాదికి నాలుగు విమానాలు దిగితే గొప్ప. ఆ నాలుగింటి కోసం మిగతా రోజులన్నీ గడ్డితో కొట్లాట!

ఇవాళ ఫౌజు డకోటా వస్తోంది. ఆ పేరు నోరు తిరగక జనం దాన్ని దోకా అంటారు. మోసమని అర్థమొచ్చే ఆ మాట అన్నవాళ్ల మీదికి మొండయ్య కర్ర ఎత్తేవాడు. అతని ఒక్కగానొక్క కొడుకు రాజం చైనా లడాయి నాటినుంచీ అలాంటి విమానంలోంచే కొండలమీది సిపాయిలకు బియ్యం బస్తాలు తోసేవాడు మరి. ఎనిమిది రోజుల కిందట టెలిగ్రాం వచ్చింది. మబ్బులో విమానం కొండకు తగిలిందట. శవం కూడా దొరకలేదట. చదివి చెప్పిన పోస్టాయన చేతులు పట్టుకుని, తన ఇంట్లో చెప్పొద్దని బతిమాలుకున్నాడు మొండయ్య. ఇప్పుడు ఎవరు దోకా అన్నా కర్ర లేవడం లేదు.

పొద్దున భార్య బాలవ్వ కోడికూర వండి, అన్నంతో కలిపి సద్ది మూట కట్టింది.

"ఫౌజు విమానమేనాయె. రాజానికని ఇయ్యి."

"ఎన్ని దినాల తోవనో! పాసిపోదా?"

"పాసిపోదు. కొండవో."

పిచ్చిది, అనుకున్నాడు. ఏడుపు దాచుకోవడానికి గబగబా బయటపడ్డాడు.

డకోటా దిగింది. తోక నేలకు ఆనించి, ముక్కు పైకెత్తి నిలబడింది. దాని పొట్ట పక్కన తలుపు లేని వాకిలి. రాజం నిలబడింది అలాంటి వాకిట్లోనే. ముగ్గురు మనుషులు దిగారు. మొండయ్య వాళ్లముందు మూట విప్పాడు.

"తినుండ్రి సాబ్. మా ఇంట్ల వండింది."

"ఏం పండుగ చాచా?" అని హిందీలో అడిగాడు ఒక కుర్రవాడు.

"పండుగ లేదు సాబ్. మా పోరడు గిసొంటి దాంట్లనే పోయిండు."

ముగ్గురూ రెక్క కింద కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నారు. అరగంటలో విమానం లేచిపోయింది. రాజానికి పంపించానని బాలవ్వతో ఎలా అబద్ధమాడాలా అని మొండయ్య సతమతమవుతుంటే, ఆమే కంచె దాటి వచ్చింది.

"ముట్టిందా?"

"ఏంది?"

"పిట్ట ముట్టిందా?"

చనిపోయిన మనిషికి ఇష్టమైనవి వండి బయట పెట్టి, కాకి కోసం ఎదురుచూసేటప్పుడు అడిగే మాట అది.

"నీకెట్ల ఎరుక?"

"నన్ను చూసి పోస్టాయన సైకిల్ దిగిండు. ఎన్నడన్న దిగిండా? గట్టిగ అడిగితే అంత చెప్పిండు." ఆమె విమానం పోయిన దిక్కు చూసింది. "నా కొడుక్కు కాష్టం లేదు, బొంద లేదు. ఏడ పెట్టాలె? గా దాంట్లనే పోయిండు, గా దానికే పెట్టిన. ముట్టిందా?"

"ముట్టిందే. కడుపునిండ తిన్నరు."

అప్పుడు ఏడ్చింది బాలవ్వ, గొంతెత్తి. మొండయ్యా ఏడ్చాడు. పొగ ఆరిపోయింది. మైదానం నడుమ, విమానం చక్రానికి అడ్డుపెట్టి ఆ కుర్రవాళ్లు మరిచిపోయిన చెక్కదిమ్మ ఒకటి గడ్డిలో పడి ఉంది. దాని మీద ఇంజన్ నూనె ఇంకా ఆరలేదు.